చైను తుడిచే గుడ్డ, ఒక చిన్న పిన్ను

మన పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల వసారాల్లో పాత దుప్పటి కప్పి, ఎండ తగలకుండా, కోళ్లు ఎక్కకుండా కాపాడుకొనే బండి ఒకటి కనిపిస్తుంది. అది యమహా ఆర్‌ఎక్స్ 100. తండ్రి ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నది కొడుకు చేతికి వచ్చి ఉంటుంది. లేదా కొడుకే ఎక్కడో వెదికి, బేరమాడి, రంగు వేయించి తెచ్చుకొని ఉంటాడు. 1985లో మన దేశపు రోడ్ల మీదికి వచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన ఈ బండ్లలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా ఇప్పుడు దాదాపు ముప్పై ఏళ్లు. అయినా దాని మీద మోజు తగ్గలేదు సరిగదా, ఏటేటా పెరుగుతున్నది. బాగా ఉంచిన బండికి లక్ష రూపాయలు దాటి ధర చెప్పేవారున్నారు.

చూడటానికి అది పెద్ద బండేమీ కాదు. ఇంజను 98 సి.సి. మాత్రమే. కాని అంత చిన్న ఇంజను 11 గుర్రాల శక్తి ఇస్తుంది. బండి బరువేమో సుమారు నూరు కిలోలు. తక్కువ బరువు, ఎక్కువ శక్తి కలిసేసరికి యాక్సిలరేటరు తిప్పగానే ముందుకు దూకుతుంది. ఆ దూకుడే దానికి పేరు తెచ్చింది. అయితే ఇక్కడ పాఠకులు ఒక సంగతి గమనించాలి. దాని పరుగు తన కాలపు బండ్లను మించినది గాని, దానిని ఆపే సాధనాలు మాత్రం ఆ కాలానివే. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ డ్రమ్ము బ్రేకులే. ముప్పై ఏళ్లు అరిగిన తరువాత ఇంజనుకు బోరు చేయించి కొత్త పిస్టను వేయిస్తారు. బ్రేకుల సంగతి ఎక్కువమంది పట్టించుకోరు.

ఈ బండిని ఇంట్లోనే బాగుచేసుకోవడం మన యువకులకు అలవాటైంది. అందుకు కారణాలు లేకపోలేదు. దాని మర్మం తెలిసిన మెకానిక్కులు వృద్ధులయ్యారు, లేదా షాపులు మూసేశారు. కొత్త కుర్రవాళ్లకు కొత్త బండ్లే తెలుసు. టౌనుకు తీసుకొనిపోతే ఒక రోజు పని పోతుంది, వెయ్యికి తక్కువ కాకుండా ఖర్చవుతుంది. ఇంట్లో పానాల సెట్టు ఉన్నది, సెలవు దినం ఉన్నది, పక్కింటి తమ్ముడు సాయానికి ఉన్నాడు. ఇక విప్పకుండా ఎలా ఉంటారు? మేము దానిని తప్పు పట్టము. తన చేతితో ఒక యంత్రాన్ని విప్పి, తుడిచి, మళ్లీ కూర్చి నడిపించిన కుర్రవాడికి వచ్చే ఓర్పూ శుభ్రతా పుస్తకంలో దొరికేవి కావు. కాళ్లు చాపుకొని సెల్‌ఫోను చూసేకన్నా నల్లబడిన చేతులతో కార్బురేటరు ముందు కూర్చోవడం ఎంతో మేలు.

కాని మేము విన్న, చూసిన ప్రమాదాలను ఒకచోట పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపించింది. కష్టమైన పని చేస్తుండగా, అనగా ఇంజను విప్పి క్రాంకు బయటికి తీసినప్పుడు, దెబ్బ తగిలినవారు బహు తక్కువ. అప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, తెలియనిది అడుగుతారు. దెబ్బలన్నీ చిన్న పనుల్లోనే. చైను తుడవడం, చక్రం తీసి పెట్టడం, పెట్రోలుతో కడగడం. పైగా కొన్నిటిలో దెబ్బ తిన్నది పని చేసినవాడు కాదు, అతని వెనుక కూర్చున్నవారో, ఆ ఇంటి పసివాడో.

మొదట చైను సంగతి చెబుతాము, ఎందుకంటే అది అన్నిటికన్నా తేలిక పని అని అందరి నమ్మకం.

మాకు తెలిసిన ఒక ఇంటిలో డిగ్రీ చదివే అబ్బాయి సెలవుకు వచ్చి బండి కడిగాడు. సెంటరు స్టాండు వేసి, ఇంజను స్టార్టు చేసి, మొదటి గేరు వేశాడు. వెనుక చక్రం తనంతట తానే తిరుగుతుంటే, చైను మీద పాత బనియను గుడ్డ ఆనించి పట్టుకున్నాడు. చెయ్యి కదపనక్కరలేదు, చైనే వచ్చి తుడుచుకొనిపోతుంది! ఇది కనిపెట్టినవాడెవరో గాని ఊరూరా ఇదే పద్ధతి. లోపలినుండి తల్లి, “నాన్నా, అన్నం చల్లారిపోతున్నదిరా,” అని పిలిచింది. “వస్తున్నానమ్మా, అయిపోయింది,” అని తల తిప్పాడు. అంతే. గుడ్డ దారం ఒకటి చైను లింకులో చిక్కింది. గుడ్డను చైను లాగింది, గుడ్డతో పాటు వేళ్లను పళ్ల చక్రం లోపలికి లాగింది. చూపుడు వేలి కొస, నడిమి వేలు ఒక కణుపు దాకా పోయాయి.

గేరులో ఉన్నప్పుడు చైను మెల్లగా తిరుగుతున్నట్టే ఉంటుంది. కాని ఒక జానెడు దూరం కదలడానికి దానికి సెకను కూడా పట్టదు. మనం “అబ్బా” అనుకొని చెయ్యి లాక్కొనేలోగా వేలు పంటి సందులోకి వెళ్లిపోతుంది. మనిషి చేతి బలం ఇంజనుకు ఒక లెక్క కాదు. చేతికి తొడుగు వేసుకుంటే మేలని కొందరు అంటారు. తిరిగే చైను దగ్గర తొడుగు కూడా గుడ్డలాంటిదే, అదీ చిక్కుకుంటుంది. మన దేశంలో చేతి శస్త్రచికిత్సలు చేసే వైద్యులు ఈ గాయాన్ని చక్కగా ఎరుగుదురు. బైకు చైనులో వేళ్లు పోగొట్టుకొని వచ్చేవారిలో ఎక్కువమంది యువకులు, పిల్లలు.

సరియైన పద్ధతి కూడా కష్టమేమీ కాదు. ఇంజను ఆపాలి. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. బండిని న్యూట్రల్‌లో పెట్టాలి. ఒక చేత్తో టైరును పట్టుకొని కొంచెం తిప్పాలి, ఆపాలి. చైను ఆగిన తరువాత, దాని కింది వరుస నడిమి భాగంలో, పళ్ల చక్రాలకు దూరంగా బ్రష్షుతోనో గుడ్డతోనో తుడవాలి. మళ్లీ తిప్పాలి, ఆపాలి. తిప్పడం, తుడవడం రెండూ ఒకేసారి చేయరాదు. చేతితో తిప్పినా సరే, మరొకరు తిప్పుతుండగా మనం తుడవడం అసలే వద్దు. తిప్పేవాడికి తుడిచేవాడి వేలు కనిపించదు. సాయానికి వచ్చే చిన్నపిల్లలకు చక్రం తిప్పడమంటే ఎంత సరదానో మనకు తెలుసు గదా.

ఒకవేళ జరగరానిది జరిగితే ఏమి చేయాలో కూడా చెప్పాలి. పైన చెప్పిన ఇంటిలో గాయానికి పసుపు అద్దారు, తెగిన ముక్కను గ్లాసులో మంచుగడ్డల మధ్య వేసి తీసుకొనిపోయారు. వారి ప్రేమకు లోపం లేదు. పద్ధతి మాత్రం అది కాదు. గాయం మీద శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి, చెయ్యిని గుండెకంటె ఎత్తుగా పట్టుకోవాలి. పసుపు, కాఫీపొడి ఏమీ వేయరాదు. తెగిన ముక్కను శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచు ఉన్న గిన్నెలో ఉంచాలి. ముక్కకు మంచు నేరుగా తగలరాదు. తగిలితే కణాలు చెడిపోయి అతకడానికి పనికిరాదు. 108కి ఫోను చేసి, వేలు తెగిందని స్పష్టంగా చెప్పి, అతికే వసతి ఉన్న ఆసుపత్రికి ఎంత త్వరగా చేరితే అంత మంచిది. చైనులో నలిగిన వేలు కత్తితో తెగిన వేలిలా అతకదు, అది నిజమే. అయినా ఆ నిర్ణయం వైద్యునిది, మనది కాదు.

చైను విప్పి కడిగేవారికి మరొక మాట. చైను లాకు మీద చేప ఆకారంలో ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. దాని మూసిన వైపు చైను ముందుకు పోయే దిక్కుకు ఉండాలి, చీలిన వైపు వెనక్కి. తిరగేసి పెడితే ఏదో ఒకనాడు ఏ పుల్లో రాయో తగిలి ఊడిపోతుంది. వేగంలో తెగిన చైను ఇంజను కేసును పగలగొట్టవచ్చు, చక్రానికి చుట్టుకొని దానిని బిగించేయవచ్చు.

ఇక చక్రం. పంక్చరుకో, బ్రేకు షూలు మార్చడానికో వెనుక చక్రం తీస్తాము. యాక్సిల్ నట్టు విప్పాలి, బ్రేకు రాడ్డు విప్పాలి. మరొకటి కూడా విప్పాలి. బ్రేకు షూలు కూర్చుని ఉండే గుండ్రని ప్లేటును బండి ఫోర్కుకు కలిపే ఒక పట్టీలాంటి రాడ్డు ఉంటుంది. మెకానిక్కులు దానిని టార్క్ రాడ్డు అంటారు. దాని పని ఏమిటో తెలియకపోవడం వల్లనే చాలామంది దానిని చులకన చేస్తారు. మనం బ్రేకు తొక్కినప్పుడు షూలు విచ్చుకొని, తిరిగే డ్రమ్మును లోపలినుండి పట్టుకుంటాయి. పరిగెత్తే ఎద్దు మెడతాడు పట్టుకున్నవాడిని ఎద్దు ఎలా ఈడ్చుకొనిపోతుందో, డ్రమ్ము కూడా షూలనూ వాటితో ఉన్న ప్లేటునూ అలాగే తనతో తిప్పుకొనిపోవాలని చూస్తుంది. తిరగనీయకుండా ఆ ప్లేటును గుంజకు కట్టినట్టు పట్టి ఉంచేది టార్క్ రాడ్డే.

తిరిగి బిగించేటప్పుడు ఆ రాడ్డు నట్టు మరిచిపోయారనుకోండి. బండి మామూలుగానే కదులుతుంది. వీధిలో ఒక చుట్టు తిరిగి, మెల్లగా బ్రేకు వేస్తే ఆగుతుంది కూడా. “బాగానే ఉంది” అనుకుంటాము. ఆ తరువాత ఏ హైవే మీదనో లారీ అడ్డం వస్తుంది, బ్రేకు గట్టిగా తొక్కుతాము. అప్పుడు ప్లేటు చక్రంతో పాటు గిర్రున తిరుగుతుంది, బ్రేకు రాడ్డు వంగి చువ్వల మధ్యకు పోతుంది, వెనుక చక్రం ఉన్నపళంగా బిగుసుకుంటుంది. దానిమీద ఇద్దరున్నా ముగ్గురున్నా రోడ్డు మీద పడవలసినదే.

మరికొందరు రాడ్డు పెడతారు, నట్టూ బిగిస్తారు, కాని స్ప్లిట్ పిన్ను పెట్టరు. కాటర్ పిన్ను అన్నా అదే. నట్టు అదురుకు వదులై ఊడిపోకుండా, బోల్టు రంధ్రంలో దూర్చి రెండు కాళ్లు విడదీసి వంచే సన్నని తీగ అది. కొన్ని రూపాయలు చేసే వస్తువు. విప్పేటప్పుడు పాతది విరిగిపోతుంది. కొత్తది ఇంట్లో ఉండదు. “రేపు వేద్దాంలే” అంటారు. ఆ రేపు రాదు. పాత బండి, అందులోనూ ఈ ఇంజను అదురు, నట్లను ఎంత ఓపికగా విప్పుతుందో మెకానిక్కును అడగండి. అందుచేత చక్రం విప్పాలనుకున్న రోజుకు ముందే నాలుగు కొత్త పిన్నులు కొని డబ్బాలో ఉంచుకోవాలి. పిన్ను దొరకని రోజున ఆ చక్రం విప్పవద్దు. ఈ విషయంలో మేము మొండిగానే ఉంటాము.

ముందు చక్రానికి ఇలాంటి రాడ్డు ఉండదు. బ్రేకు ప్లేటులో ఒక గాడి ఉంటుంది. ఫోర్కు కాలి మీద ఉన్న పొడుపు ఆ గాడిలో కూర్చోవాలి. చక్రం ఎక్కించేటప్పుడు వంగి, కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారణ చేసుకోవాలి. గాడి తప్పితే జరిగేది ముందు చెప్పినదే, ముందు చక్రంతో. అది ఇంకా చెడ్డది.

షూల విషయంలో రెండు మాటలు చాలు. గ్రీజు చేతులతో షూలను ముట్టుకోవద్దు. ఒకసారి జిడ్డు పీల్చిన షూ ఎంత తుడిచినా పట్టదు. డ్రమ్ములోని నల్లని పొడిని నోటితో ఊదవద్దు. ఆ కాలపు షూల లైనింగులో ఆస్‌బెస్టాస్ వాడేవారు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయాలి.

పెట్రోలు విషయం గృహిణులు కూడా చదవాలని మా కోరిక, ఎందుకంటే ఈ పనికి ముందుగా మాయమయ్యేది వంటింటి గిన్నె.

కార్బురేటరు విప్పి, దాని జెట్లను పెట్రోలులో కడగడం ఆనవాయితీ. నీడ కోసం వసారాలో కూర్చుంటారు. వసారా పక్కనే వంటిల్లు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పొగలా పైకి పోదు, నీళ్లలా నేలను పట్టుకొని పాకుతుంది. గడప దాటి, పొయ్యి ఎక్కడున్నదో వెదుక్కుంటూ వెళ్లినట్టు వెళ్తుంది. మంట అంటుకొన్న తరువాత వచ్చిన దారినే వెనక్కి గిన్నె దగ్గరికి వస్తుంది. మన ఊళ్లలో ఎంత చలికాలమైనా పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి చాలినంత వేడి ఎప్పుడూ ఉంటుంది. నీరు గడ్డకట్టే చలికన్నా నలభై డిగ్రీలు కిందనైనా అది అంటుకోగలదు. డీజిలు, కిరోసిను అలా కావు, అవి అంత తేలికగా ఆవిరి కావు. అందుచేత జిడ్డు భాగాలు కడగడానికి డీజిలు వాడవచ్చు. జెట్లకు పెట్రోలే కావాలంటే పెరటిలో, ఆరుబయట, పగటి వెలుగులో, ఒక చిన్న రేకు డబ్బాలో రెండు చెంచాలు పోసుకుంటే చాలు. గిన్నెడు ఎందుకు?

ఇంకొక అలవాటు ఉన్నది. బండి స్టార్టు కాకపోతే ప్లగ్గు తీసి, తీగకు తగిలించి, ఇంజను మీద ఆనించి, కిక్కు కొట్టి నిప్పురవ్వ వస్తున్నదా అని చూస్తారు. చూడవలసినదే. కాని అప్పటికే పదిసార్లు కిక్కు కొట్టి ఉంటారు గనుక సిలిండరు నిండా పెట్రోలు ఆవిరి ఉంటుంది. కిక్కు కొట్టగానే ప్లగ్గు రంధ్రంలోనుండి అది బుస్సున బయటికి వస్తుంది, పక్కనే నిప్పురవ్వ. ముఖం వంచి చూస్తున్నవాని కనుబొమలు కాలిన సంగతి ఒకటి మేము ఎరుగుదుము, అతడు అదృష్టవంతుడు. ప్లగ్గును ఆ రంధ్రానికి ఎడంగా, వేరే చోట లోహానికి ఆనించి చూడాలి. పెట్రోలు ట్యాపు మూసి ఉండాలి.

పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీటితో పాటు పారుతుంది. ఇసుక చల్లాలి, లేదా తడిపిన గోనెసంచి కప్పాలి. ఒక బకెట్టు ఇసుక పక్కన పెట్టుకొనే పని మొదలుపెట్టాలి.

పని ముగిసాక మిగిలిన పెట్రోలును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూటిలో పెట్టడం మరీ ఘోరం. మూడేళ్ల పిల్లవానికి ఆ సీసా అంటే తెలిసింది ఒక్కటే, తాగడం. తాగాడని తెలిస్తే వాంతి చేయించరాదు, ఉప్పునీళ్లు పట్టరాదు. కడుపులో ఉన్నప్పటి కన్నా, వాంతిలో పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగినప్పుడే పెట్రోలు ప్రాణం మీదికి తెస్తుంది. సీసాను కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి పోవాలి. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా సరే పోవాలి. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తరువాత రావచ్చు.

పెట్రోలు గొట్టం గురించి ఇప్పటివారు తెలుసుకోవలసినది ఒకటి ఉంది. ఈ బండి తయారైన నాటి పెట్రోలు వేరు, ఇప్పటిది వేరు. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చింది. ఆనాటి రబ్బరు గొట్టాలు, వాషర్లు దీనికి తగినవి కావు. ఉబ్బుతాయి, పగుళ్లు తీస్తాయి. చెమ్మ కూడా దీనికి త్వరగా పడుతుంది, వానాకాలమంతా కదలకుండా నిలిపిన బండి ట్యాంకులో అడుగున నీరు చేరవచ్చు. గొట్టం వేళ్ల మధ్య వంచి చూసి, పగులు కనిపిస్తే అదే రోజు మార్చాలి. కారిన పెట్రోలు పడేది కాలే ఇంజను మీదనే గదా.

ఇక ఆయిలు పంపు. ఈ తప్పు డబ్బుకూ ప్రాణానికీ రెంటికీ చేటు. ఇది టూ-స్ట్రోకు ఇంజను. పిస్టనుకు కావలసిన నూనె పెట్రోలుతో పాటే లోపలికి పోయి కాలిపోవాలి. ఆర్‌ఎక్స్ 100లో ఆ నూనెకు వేరే ట్యాంకు, దానిని కొలిచి పంపే చిన్న పంపు ఉన్నాయి. పొగ ఎక్కువ వస్తున్నదనో, పంపు చెడిందనో కొందరు దానిని తీసేసి, పెట్రోలులోనే టూ-టి ఆయిలు కలుపుతారు. కలిపినంతకాలం బండికి ఏమీ కాదు. కాని ఆ సంగతి తెలియని బావమరిది ఒకనాడు బండి తీసుకొనిపోయి బంకులో ఒట్టి పెట్రోలు పోయిస్తాడు. పంపు ఉంచినవారికి వచ్చే చిక్కు ఇంకొకటి. ఆయిలు ట్యాంకు ఒకసారి పూర్తిగా ఎండిందంటే గొట్టంలో గాలి చేరుతుంది. మళ్లీ నూనె నింపినా ఆ గాలి పోయేదాకా ఇంజనుకు చుక్క అందదు. పంపు దగ్గర గాలి తీసే స్క్రూ ఉంటుంది. దానిని వదులు చేసి, బుడగలు ఆగి నూనె మాత్రమే వచ్చేదాకా ఉంచి బిగించాలి. ఆ మొదటి ట్యాంకుకు లీటరుకు 30, 40 మి.లీ. ఆయిలు పెట్రోలులో కూడా కలిపితే క్షేమం.

నూనె అందని అల్యూమినియం పిస్టను వేడికి ఉబ్బి, ఇనుప సిలిండరును పట్టేస్తుంది. అది వీధిలో జరిగితే బోరింగు ఖర్చుతో పోతుంది. అరవై కిలోమీటర్ల వేగంలో జరిగితే వెనుక చక్రం ఒక్కసారిగా నిలిచిపోతుంది. పరిగెత్తుతున్న బండి గొంతు మారి, ఎవరో వెనుకనుండి లాగుతున్నట్టు అనిపించిన క్షణమే క్లచ్చు నొక్కేయాలి. క్లచ్చు నొక్కితే చక్రానికీ ఇంజనుకూ సంబంధం తెగి, బండి దొర్లుకుంటూ పక్కకు వస్తుంది. ఇది మనసుకు కాదు, ఎడమచేతికి తెలిసి ఉండాలి. అందుకే పాత టూ-స్ట్రోకు బండ్లు నడిపే పెద్దలు రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్చు మీద ఉంచేవారు.

చిన్నవి మరికొన్ని. ప్లగ్గును పానాతో మొదలుపెట్టి తిప్పవద్దు. ఇంజను హెడ్డు అల్యూమినియం, ప్లగ్గు ఇనుము. వంకరగా ఎక్కితే మరలు తెగి, లేతు షాపులో బుష్షు వేయించుకోవాలి. చేతి వేళ్లతో తేలికగా పోయి ఆగిన తరువాత, కొత్త ప్లగ్గయితే పానాతో అర చుట్టు చాలు. సైలెన్సరులో మసి పట్టిందని కాస్టిక్ సోడా పోసేవారు, సోడాను నీళ్లలో కొంచెం కొంచెంగా వేయాలి గాని సోడా మీద నీళ్లు పోయరాదు. ఉడికి ముఖం మీదికి చిమ్ముతుంది. కంట పడితే చూపు పోవచ్చు, ధారగా నీళ్లు పోస్తూ ఆసుపత్రికి పరుగెత్తాలి. అది అల్యూమినియం భాగాలను తినేస్తుంది కూడా. ఆ సైలెన్సరునే శబ్దం కోసం కోసేవారికి మేము చెప్పేది ఒకటే: టూ-స్ట్రోకులో సైలెన్సరు ఆకారం ఇంజనులో భాగం. బయటికి పోబోయే కొత్త పెట్రోలును తిరిగి లోపలికి నెట్టేది దానిలోని పీడనమే. కోస్తే అరుపు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. వాన వస్తున్నదని తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి ట్యూనింగు చేయవద్దు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, మత్తుగా పడుకోబెట్టి చంపుతుంది.

బండి అందంగా కనబడాలని వెనుక చక్రం పక్కనున్న చీర గార్డును విప్పి అటక మీద వేసే అలవాటు మాకు బొత్తిగా నచ్చదు. మోటారు వాహనాల నియమాల ప్రకారం వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, కాలి ఆసరా, వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలి. కొడుకు జీన్సు ప్యాంటుకు ఆ గార్డుతో పని లేదు. అతని వెనుక ఒకవైపుగా కూర్చొనే తల్లి కొంగుకు, చెల్లెలి చున్నీకి ఉంది.

ఏ పని ఇంట్లో చేయవచ్చు, ఏది కూడదు అని అడుగుతారు. మా కొలత సామాన్యమైనది. ఆ పని తప్పితే బండి కదలకుండా పోతుందా, లేక ఆగకుండా పోతుందా? కార్బురేటరు, ప్లగ్గు, లైట్లు తప్పుగా కూర్చితే బండి మొరాయిస్తుంది. నెట్టుకుంటూ ఇంటికి వస్తాము, నలుగురు నవ్వుతారు, అంతటితో సరి. బ్రేకులు, చక్రాలు, చైను, హ్యాండిలు బేరింగులు అటువంటివి కావు. వాటిని ఇంట్లో విప్పినా, నడిపేముందు తెలిసినవారెవరైనా ఒకరు వచ్చి చూడాలి. విప్పినవాడి కళ్లకు తాను మరిచినది కనిపించదు. ఊళ్లోని ముసలి మెకానిక్కు షాపు మూసినా కళ్లు మూసుకోలేదు. “బాబాయ్, ఒకసారి చూసిపెట్టు” అని ఒక గ్లాసు టీ ఇస్తే ఆయన సంతోషంగా వస్తాడు.

విప్పిన నట్లను విప్పిన వరుసలోనే ఒక పాత పళ్లెంలో పేర్చుకోవాలి. చివరికి పళ్లెంలో ఒకటి మిగిలితే, “ఇది ఎక్స్‌ట్రా” అని నవ్వి జేబులో వేసుకోవడం మన దగ్గర పాత జోకు. కంపెనీ ఎక్స్‌ట్రా నట్లు వేసి పంపదు. దీపాలు పెట్టే వేళకు పని తెగకపోతే ఆపి, బండి మీద గుడ్డ కప్పి, ‘వెనుక చక్రం బిగించలేదు’ అని అట్టముక్క మీద రాసి హ్యాండిలుకు తగిలించాలి. తెల్లవారుజామున పాలకేంద్రానికి పోయే తండ్రికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

పని పూర్తయ్యాక మొదటి చుట్టు ఒంటరిగా, హెల్మెట్ పెట్టుకొని, మనిషి నడక వేగంతో వీధి చివరిదాకా. ముందు బ్రేకు విడిగా, వెనుక బ్రేకు విడిగా, మొదట మెల్లగా, తరువాత గట్టిగా. ఆ చుట్టులో పిల్లలను ట్యాంకు మీద కూర్చోబెట్టవద్దు, ఎంత ఏడ్చినా సరే. పది కిలోమీటర్లు తిరిగి వచ్చి, ఇంజను చల్లారాక, విప్పిన ప్రతి నట్టునూ మరొకసారి పానాతో తాకి చూడాలి. ముందుగా వెనుక యాక్సిల్ నట్టు, ఆ వెంటనే టార్క్ రాడ్డు.